మట్టిలో నాణెం... మనసులో భయం

* తోటల్లో మెటల్‌ డిటెక్టర్లతో నిధుల వేట
* ఇనుప మేకుకూ, బంగారు కాసుకూ ఒకటే మోత
* చట్టం చెప్పేది ఒకటి... జనం నమ్మేది మరొకటి

చాట్రాయి: కాపు తగ్గిన మామిడి తోటను తీసివేసి కొత్త మొక్కలకు గుంతలు తవ్వేటప్పుడో, బిందుసేద్యం గొట్టాలకు కాలువ తీసేటప్పుడో పలుగు మొనకు ఏదో లోహం తగులుతుంది. ఆ క్షణాన రైతుకు మొదట కలిగేది ఆశ. ఆ వెంటనే కలిగేది భయం. ‘సర్కారుకు తెలిస్తే దొరికింది పోతుంది, పొలం కూడా పోతుంది’ అన్న మాట పల్లెల్లో తరతరాలుగా పాతుకుపోయింది. ఆశకూ భయానికీ నడుమ ఉన్న ఆ సందులోకే ఇప్పుడు మెటల్‌ డిటెక్టర్‌ ప్రవేశిస్తోంది. ఒకప్పుడు పోలీసుల చేతుల్లో మాత్రమే కనిపించిన ఈ యంత్రం నేడు కొన్ని వేల రూపాయలకే ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. పాత నాణేలు సేకరించే సరదాతో కొందరు, గుప్తనిధుల మీద ఆశతో మరికొందరు దీనిని కొంటున్నారు. ఇద్దరి చేతిలోనూ యంత్రం ఒకటే. ఏదైనా దొరికిన తరువాత ఏమి చేస్తారన్న దానిలోనే తేడా అంతా ఉంది.

దొరకడం కట్టుకథ కాదు

భూమిలో నాణేలు దొరుకుతాయన్నది వట్టి పుకారు కాదు. 2022 నవంబరులో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలం ఏడువాడలపాలెంలో ఆయిల్‌పామ్‌ తోటలో పైపులైను కోసం తవ్వుతుండగా మట్టి పిడతలో 18 బంగారు నాణేలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి ఎనిమిది గ్రాములకు పైగా తూగింది. సమాచారం అందుకున్న రెవెన్యూ అధికారులు వాటిని స్వాధీనం చేసుకున్నారు. అక్కడ ఏ యంత్రమూ లేదు, ఏ మాంత్రికుడూ లేడు. వ్యవసాయ పనిలో అనుకోకుండా దొరికిన సొమ్ము అది.

2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిసిన చాట్రాయి మండలం కూడా చరిత్రకు దూరమైన ప్రాంతం కాదు. తూర్పున కామవరపుకోట మండలంలో గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. పడమట జగ్గయ్యపేటలో ఇక్ష్వాకుల కాలం నాటి శాసనాలు లభించిన స్తూపం ఉంది. దిగువన కృష్ణా డెల్టాలో శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. బ్యాంకులు లేని రోజుల్లో దండయాత్రలకో, దొంగలకో భయపడి సొమ్మును కుండలో పెట్టి నేలలో పాతిపెట్టడం ఇంటింటి అలవాటు. పాతిన మనిషి తిరిగి రాకపోతే ఆ కుండ అక్కడే ఉండిపోయేది.

అయితే అలాంటి కుండ ఎక్కడ ఉందో చెప్పగల యంత్రం ఉందా అన్నదే ప్రశ్న.

యంత్రానికి తెలిసింది ఇంతే

మెటల్‌ డిటెక్టర్‌ పనితీరు సులభంగానే అర్థమవుతుంది. చివరనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దానిలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆ మార్పును యంత్రం పసిగట్టి మోత చేస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ శరీరంలో ఇరుక్కున్న తూటాను వెదకడానికి టెలిఫోను సృష్టికర్త గ్రాహంబెల్‌ ఇదే సూత్రంతో ఒక పరికరం తయారు చేశారు. తూటా దొరకలేదు. పరుపు కింద ఉన్న ఇనుప స్ప్రింగులు పరికరాన్ని తప్పుదారి పట్టించాయన్నది ఆ వైఫల్యానికి చెప్పే కారణాల్లో ఒకటి. నూట నలభై ఏళ్లు దాటినా ఈ యంత్రంతో తిరిగేవారి ప్రధాన సమస్య అదే. వెదికేది ఒకటి, మోగేది మరొకటి.

సాధారణ యంత్రం నాణెమంత లోహాన్ని జానెడు లోతులో, మహా అయితే అడుగు లోతులో గుర్తిస్తుంది. బిందె వంటి పెద్ద వస్తువైతే ఇంకొంత లోతున కూడా పసిగట్టవచ్చు. మామిడి మొక్కకు రైతు తవ్వే మూడడుగుల గుంత అంతకన్నా లోతు. అంటే ఈ ప్రాంతంలో పాత సొమ్ము బయటపడే అవకాశం యంత్రంకన్నా పలుగుకూ, పొక్లెయిన్‌కూ ఎక్కువ.

దీనికి నేల స్వభావం తోడవుతుంది. నూజివీడు ప్రాంతపు ఎర్రనేలలకు ఆ రంగు వచ్చింది ఇనుము వల్లనే. ఇటువంటి నేలల్లో యంత్రాన్ని మట్టికి తగినట్లు సరిచేసుకోకపోతే ఏమీ లేని చోట కూడా మోగుతుంది. ఇక తోటల్లో లోహపు చెత్తకు కొదవ లేదు. ఎద్దుల నాడాలు, వాటి మేకులు, తెగిన కంచె తీగలు, మోటారు బోల్టులు, పురుగుమందు సీసాల మూతలు, గుట్కా పొట్లాల రేకులు అడుగడుగునా ఉంటాయి. అల్యూమినియం రేకు ముక్కకూ, చిన్న బంగారు కాసుకూ యంత్రం చేసే శబ్దంలో తేడా తెలుసుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. రోజంతా తిరిగినవారి సంచిలో పోగయ్యేది ఎక్కువగా ఈ చెత్తే. అదృష్టం బాగుంటే బ్రిటిష్‌ కాలపు అణాలు, 1943-47 మధ్య వచ్చిన నడుమ రంధ్రమున్న రాగి పైసా, 1957 తరువాతి నయా పైసలు దొరుకుతాయి. సరదాకు తిరిగేవారికి ఆ రాగి పైసా చాలు. అప్పు తీర్చుకోవాలని తిరిగేవారికి చాలదు.

ఆశే పెట్టుబడి

ఒక ఏడాది గాలివాన, మరొక ఏడాది తేనెమంచు పురుగు, కాపు బాగున్న ఏడాది ధర పతనం. మామిడి మీద బతికే ప్రాంతంలో కష్టానికి ఫలితం ఎన్నడూ ఖాయం కాదు. అటువంటి చోట నిధి మాట చెవిన పడితే కొట్టిపారేయడం తేలిక కాదు. మోసగాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే.

వందల అడుగుల దూరం నుంచే బంగారాన్ని చూపుతాయంటూ లక్షల రూపాయలకు అమ్మే పరికరాలున్నాయి. వాటికి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. గోల్ఫు బంతులు వెదికే ఆటవస్తువు వంటి దానిని బాంబులు కనిపెట్టే యంత్రమని చెప్పి ఇరాక్‌ వంటి దేశాలకు అమ్మిన జేమ్స్‌ మెక్‌కార్మిక్‌ అనే వ్యాపారికి 2013లో బ్రిటన్‌ న్యాయస్థానం పదేళ్ల జైలు శిక్ష విధించింది. ప్రభుత్వాలే మోసపోయిన చోట పల్లె రైతు మోసపోవడంలో వింత లేదు. సెల్‌ఫోనును డిటెక్టరుగా మారుస్తామనే అప్లికేషన్లదీ అదే తీరు. ఫోనులో ఉండేది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. అది ఇనుమును గుర్తిస్తుందే గానీ బంగారం, వెండి, రాగిని గుర్తించదు.

నాణేల పేరుతో జరిగే మోసం మరొకటి ఉంది. రాముడు, హనుమంతుడు బొమ్మలతో, 1818 వంటి సంవత్సరాలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో ఉన్న రాగి బిళ్లలు కోట్లు పలుకుతాయని, బియ్యాన్ని ఆకర్షిస్తాయని నమ్మిస్తారు. ‘రైస్‌ పుల్లింగ్‌’ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు కేసులు నమోదవుతున్నాయి. కంపెనీ అటువంటి దేవతా నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. అవి యాత్రాస్థలాల్లో అమ్మిన రామటెంకల తరహా బిళ్లలు. బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఏ నాణేనికీ లేదు.

ప్రభుత్వమే తవ్వినా...

పెద్ద యంత్రాలూ, అధికారుల అండా ఉంటే ఫలితం వేరుగా ఉంటుందా? రెండు ఉదాహరణలు చాలు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్‌ జిల్లా డౌండియా ఖేరాలో వేయి టన్నుల బంగారం ఉన్నట్లు ఒక సాధువుకు కల వచ్చింది. భూమిలో ఏవో లోహపు జాడలు ఉండవచ్చని భూగర్భ సర్వే సంస్థ చేసిన పరిశీలనలో తేలడంతో కేంద్ర పురావస్తు శాఖ తవ్వకం చేపట్టింది. బంగారం రాలేదు, పని ఆగిపోయింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల పర్యవేక్షణలోనే తవ్వకాలు మొదలయ్యాయి. స్థానికుల నిరసనల నడుమ నెలల తరబడి సాగాయి. ఎముకలు, ఇటుకలు కనిపించాయి తప్ప నిధి కనిపించలేదు. భూమి లోపల ‘ఏదో ఉంది’ అని యంత్రం చెప్పడం వేరు, ‘బంగారం ఉంది’ అని చెప్పడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడమే నష్టాలకు మూలం.

చట్టం ఏమంటోంది

దొరికినది దాచుకోవచ్చా? కుదరదు. 1878 నాటి భారత నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. దాని విలువ పది రూపాయలు మించితే దొరికిన వ్యక్తి జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు అందులో ఉండాలి. సొంత పొలంలో దొరికినా ఇదే నిబంధన. తెలియజేయకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. తన వాటా హక్కు కూడా పోతుంది. దాచడానికి తోడ్పడిన భూయజమానికి ఆరు నెలల వరకు శిక్ష ఉంది.

జనానికి తెలియనిది దీని రెండో భాగం. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులు హాజరు కావడానికి నాలుగు నుంచి ఆరు నెలల లోపు ఒక తేదీ నిర్ణయిస్తారు. సొమ్ముకు యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేని పక్షంలో దొరికిన వ్యక్తికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి నాలుగో వంతు చెందుతాయి. చరిత్ర విలువ దృష్ట్యా ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లించాలి. దొరికిందని తెలియజేసినంత మాత్రాన పొలం లాక్కునే నిబంధన ఈ చట్టంలో లేదు. ‘పొలం పోతుంది’ అన్న భయానికి ఇక్కడ ఆధారం లేదు.

ఇక రక్షిత కట్టడాల మాట వేరు. గుంటుపల్లి వంటి కేంద్ర రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా గునపం దించడం నేరం. 2010 సవరణ తరువాత ఆ స్థలాల చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు, దేశం దాటించరాదు. సరదాకు డిటెక్టరు పట్టుకున్నవారు సైతం ఈ హద్దులు తెలుసుకోకపోతే సరదా కాస్తా కేసుగా మారుతుంది.

ఆ ఐదో వంతులోనే చిక్కు

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సొమ్ము కంసాలి కుంపటికే ఎందుకు చేరుతోంది? భయం ఒక కారణం. రెండో కారణం చట్టంలోనే ఉంది. ప్రభుత్వం చెల్లించేది లోహం విలువ, దానిపై ఐదో వంతు. బంగారమైతే ఆ మొత్తం గౌరవంగానే ఉంటుంది. అదే శాతవాహనుల సీసపు నాణెమైతే? చరిత్రకారునికి అది అమూల్యం. తూకం వేస్తే సీసం ధర కొన్ని రూపాయలు. కలెక్టరేటుకు వెళ్లిరావడానికి బస్సు చార్జీ కూడా గిట్టదు. 1878లో పది రూపాయలు పెద్ద మొత్తం. నేడు ఆ అంకెకు అర్థం లేదు. ఈ లెక్క మారనంత కాలం నిజాయితీగా చెప్పినవాడికి తిరుగుడు, దొంగచాటుగా అమ్మినవాడికి లాభం మిగులుతాయి.

ఇంగ్లండులో లెక్క వేరు. 1992లో సఫోక్‌ ప్రాంతంలోని హాక్స్‌న్‌ గ్రామంలో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. దానిని వెదికిపెట్టడానికి ఎరిక్‌ లాస్‌ అనే మిత్రుడు మెటల్‌ డిటెక్టర్‌ పట్టుకుని వెళితే రోమన్‌ కాలపు నిధి మోగింది. ఆయన మొత్తం పెకలించలేదు. కొంత తీయగానే ఆపి కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి పద్ధతిగా తవ్వడంతో దాదాపు 15 వేల నాణేలు, వాటిని ఉంచిన కొయ్యపెట్టె ఆనవాళ్లు సైతం దక్కాయి. 17.5 లక్షల పౌండ్ల పారితోషికం లభించగా రైతుతో కలిసి పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదీ మ్యూజియానికే చేరింది. 1996లో అక్కడ కొత్త నిధుల చట్టం వచ్చింది. పారితోషికాన్ని మార్కెట్‌ ధర ప్రకారం నిర్ణయించి, సాధారణంగా దొరికినవారికీ భూయజమానికీ సగం సగం ఇస్తారు. 1997లో మొదలైన నమోదు పథకంలో ఇప్పటికి పదిహేను లక్షలకు పైగా వస్తువుల వివరాలు చేరాయి. వాటిలో అత్యధికం డిటెక్టరు పట్టుకున్న సామాన్యులు చూపినవే.

అక్కడా దురాశ లేకపోలేదు. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో దొరికిన వైకింగుల కాలపు నిధిని చెప్పకుండా అమ్ముకున్న ఇద్దరికి 2019లో కఠినమైన జైలు శిక్షలు పడ్డాయి. అప్పటికే ఎక్కువ నాణేలు ఎటు పోయాయో తెలియకుండా పోయాయి. దొరికిన కొద్దిపాటి వాటిలోనే ఇద్దరు రాజుల పొత్తును సూచించే అరుదైన ముద్రలున్నాయి. పోయిన వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. బహుమానం, శిక్ష రెండూ ఉంటేనే పద్ధతి నిలుస్తుందని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి.

చోటు పోతే చరిత్ర పోయినట్లే

నాణెం విలువ దాని లోహంలో కన్నా అది పడి ఉన్న చోటులో ఎక్కువ. ఏ పొరలో, ఏ పెంకుల నడుమ, ఏ గోడ పక్కన దొరికిందన్నదే దాని సాక్ష్యం. గుప్పెట్లో పెట్టుకుని వచ్చిన నాణెం ఊరు పేరు మరచిన బాటసారి వంటిది.

మంచి ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో వానలు వెలిశాక నేలపై తేలే నాణేలను స్థానికులు ఏరేవారు. కొందరు వాటిని కరిగించకుండా పండితులకు చూపారు. పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి వారు 1970ల చివర్లో వాటిని చదివితే గోబద, నారన, సమగోప అనే పేర్లు వెలుగులోకి వచ్చాయి. అంతవరకు పురాణాల్లో కనిపించిన శాతవాహన మూలపురుషుడు చిముకుని నాణేలూ అక్కడే దొరికాయి. యంత్రం లేకున్నా, పెద్ద చదువులు లేకున్నా, చెప్పాలన్న బుద్ధి ఉంటే సామాన్యుడు చరిత్రకు ఎంత మేలు చేయగలడో ఇది రుజువు.

చెడ్డ ఉదాహరణా ఇక్కడిదే. 18వ శతాబ్ది చివర్లో అమరావతి దీపాల దిన్నెను ఇటుకల కోసం, నిధి ఆశతో తవ్విపోశారు. కాలిన్‌ మెకంజీ వచ్చేసరికే స్తూపం చెదిరిపోయింది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం నేడు లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. ఆ తరువాతి కాలంలో కోస్తా పల్లెల్లో పాటిదిబ్బలు బళ్లకొద్దీ ఎరువుగా చేలకు చేరాయి. పాటిమన్నుతో పైరు పండింది గానీ ఊరి పుట్టుక వివరాలు చేలో కలిసిపోయాయి. గునపం చేయగా మిగిలిన దానిని ఇప్పుడు డిటెక్టరు పూర్తి చేయరాదు.

చేయవలసిన పని

లోహం తగిలితే రైతు చేయవలసింది కొంచెమే. తవ్వడం ఆపాలి. కుండ ఉంటే కదపకూడదు. నాణేలను చింతపండుతో తోమకూడదు, ఆమ్లంలో కడగకూడదు. తోమితే అక్షరాలు చెరిగిపోతాయి. ఉన్నచోటనే ఫొటో తీసి, గ్రామ రెవెన్యూ అధికారి ద్వారా తహసీల్దారుకూ, కలెక్టరుకూ రాతపూర్వకంగా తెలియజేయాలి. అప్పగించేటప్పుడు సంఖ్య, బరువు రాసిన రసీదు తప్పక తీసుకోవాలి. అది లేకుంటే చట్టం ఇచ్చిన వాటాను అడగడానికి ఆధారం ఉండదు.

అధికారులు చేయవలసింది అంతకన్నా ఎక్కువ. నాలుగింట మూడు వంతుల వాటా, శిక్షల వివరాలు, తెలియజేసే విధానం సచివాలయాల గోడలపై తెలుగులో కనిపించాలి. సొమ్ము ఇచ్చిన రైతుకు ఆ తరువాత ఏమైందో కబురు అందాలి. పురావస్తు శాఖ మనిషి వారం తరువాత కాక మరునాడే పొలానికి రావాలి. రాగి, సీసం నాణేలకు చరిత్ర విలువను బట్టి పారితోషికం ఇచ్చేలా ఆ ఐదో వంతు లెక్కను సవరించాలి. డిటెక్టరు సరదా ఉన్నవారికి ఎక్కడ తిరగరాదో, దొరికితే ఎవరికి చెప్పాలో తెలిపే నిబంధనలు రావాలి.

తోట కింద ఏముందో యంత్రం పూర్తిగా చెప్పలేదు. బయటపడిన నాణెం మ్యూజియానికి చేరుతుందా, కుంపటికి చేరుతుందా అన్నది మాత్రం రైతు మనసులోని భయం తీరడంపై ఆధారపడి ఉంది. ఆ భయాన్ని తీర్చే పని ప్రభుత్వానిదే.